ట్రెయిలర్ కట్టే ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు చేయాల్సిన పని

మాడిన వాసన రాగానే నాకు సర్వపిండే గుర్తొచ్చింది. పొయ్యి ఆర్పి ఆరు గంటలైంది. పెనాలు, గిన్నెలు వెనక ట్రెయిలర్‌లో తాళ్లతో కట్టేసి ఉన్నాయి. అయినా "ఏదో మాడుతోంది" అన్నాను. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు, ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవట్లేదు.

అది 2023 జనవరి. నాగోబా జాతరలో సర్వపిండి అమ్మడానికి కేస్లాపూర్ పోతున్నాం. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ సగం ఎక్కాం. వెనక 1,100 కిలోల ట్రెయిలర్ ఉంది. మీటర్ బోర్డులో గేర్‌బాక్స్ వేడి లైటు వెలిగింది. అప్పటిదాకా అలాంటి లైటు ఒకటుంటుందని మా ఇద్దరికీ తెలియదు. పక్కకు ఆపి కిందకు వంగి చూస్తే చుక్క కూడా కారట్లేదు. కారితే బాగుండేది, కారణం కంటికి కనపడేది.

కారణం ముందు రోజు పనిలో ఉంది. ప్రయాణానికి ముందు మంచిదే కదా అని ఒక షెడ్డులో గేరు ఆయిల్ మార్పించాం. వాళ్లు ఉన్న ఆయిల్ తీసేశారు, మూడు లీటర్ల డబ్బా తెచ్చి పోశారు. తీసినదెంతో ఎవరూ కొలవలేదు. తర్వాత లెవెల్ కూడా చూడలేదు. హనుమకొండ నుంచి నిర్మల్ దాకా చదును రోడ్డు కాబట్టి బండి నోరు మూసుకుని వచ్చింది. ఘాట్‌లో ముక్కు పైకెత్తగానే ఆయిల్ వెనక్కి జరిగింది. పంపు ఆయిల్‌తోపాటు గాలి కూడా పీల్చింది, ప్రెజర్ పడిపోయింది, లోపలి క్లచ్ ప్లేట్లు జారి మాడిపోయాయి. ఆ సీజన్‌లో ఐనవోలు జాతరలో సంపాదించిందంతా ఆ గేర్‌బాక్స్ డబ్బాలోకే పోయింది.

నేను పద్నాలుగేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. మిల్లీలీటర్లలో బతికిన దాన్ని. కొలవకుండా పోసిన ఆయిల్‌తో దెబ్బతిన్నానంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అందుకే ఆ తర్వాత ములుగు రోడ్డులో ఆటోమేటిక్ బండ్లు విప్పే ఒక భాయ్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. మూడు సీజన్లుగా మా బండికి నేనే చేసుకుంటున్నాను. కష్టమైన చోట మాత్రం భాయ్ చెయ్యి పెడతాడు.

మా బండి పేరు రాయను. రాస్తే ఆ లెక్కలే తమ బండికీ వాడేవాళ్లుంటారు. ఏడు సీట్ల డీజిల్ బండి, ఆరు గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాలు లాగేది. అంతవరకు చాలు.

మీ గేర్‌బాక్స్ డబ్బా ఏ రకం

మన దగ్గర క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ ఆటోమేటిక్ అనే అంటాం. లోపల మాత్రం నాలుగు రకాలున్నాయి. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ అసలు మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని మన బదులు మోటార్లు చేస్తాయి, అంతే. దానికి మామూలు గేర్ ఆయిల్ పడుతుంది, నేను కింద చెప్పేదేదీ దానికి వర్తించదు. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది. దాని ఆయిల్ వేరు. దాంతో బరువైన ట్రెయిలర్ లాగాలనే ఆలోచనే వద్దు. రెండు క్లచ్‌ల డీసీటీ రోడ్డు మీద హుషారుగానే ఉంటుంది, కానీ ట్రెయిలర్‌తో ఎత్తులో పాకించారంటే, ముఖ్యంగా క్లచ్‌లు ఆయిల్‌లో మునగని పొడి రకమైతే, తొందరగా వేడెక్కి చేతులెత్తేస్తుంది.

నాలుగోది టార్క్ కన్వర్టర్ ఉన్నది. నేను రాస్తున్నది దీని గురించే. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య గట్టి జోడింపు ఉండదు. ఒక గిన్నెలో ఆయిల్‌ను ఇంజిన్ తిప్పుతుంది, ఆ ఆయిల్ ఎదురుగా ఉన్న ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. బండి నెమ్మదిగా, బరువుగా పోయేటప్పుడు ఈ రెండింటి వేగాల మధ్య తేడా ఎక్కువ. ఆ తేడా అంతా వేడిగా మారి ఆయిల్‌లోకే చేరుతుంది. వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ పడుతుంది, రెండూ కలిసి తిరుగుతాయి, వేడి తగ్గుతుంది. ఖాళీ బండి ఎక్కువసేపు లాకప్‌లోనే ఉంటుంది. ట్రెయిలర్ కట్టి ఘాట్ ఎక్కితే లాకప్ మాటిమాటికీ విడిపోతుంది. ఆ ఒకే ఆయిల్ శక్తిని అందించాలి, క్లచ్‌లను బిగించాలి, గేర్లు రాసుకుని అరగకుండా చూడాలి, వేడిని మోసుకుపోయి కూలర్‌లో దించాలి. నాలుగు పనులు చేసే కూలీకి తిండి సగం పెడితే ఏమవుతుందో మాకు ఘాట్‌లో తెలిసింది.

ముందు పరీక్ష, తర్వాతే పానా

ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. ముందు రోజు చేసే పని కాదిది. ఏదైనా బిగింపు వదులైనా, లెవెల్ తేడా వచ్చినా ఊళ్లోనే బయటపడాలి.

పొద్దున చల్లని బండి స్టార్ట్ చేసి, బ్రేకు నొక్కిపెట్టి, పీ (పార్కింగ్) నుంచి ఆర్ (రివర్స్)కు, తర్వాత డీ (ముందుకు పోయేది)కి మార్చండి. మార్చిన ప్రతిసారీ గేరు పడినట్టు చిన్న కదలిక తెలుస్తుంది. అది ఒక సెకను లోపే రావాలి. రెండు సెకన్లు దాటిందంటే, లేదా ధడేల్‌మని పడిందంటే లోపల ప్రెజర్‌తోనో క్లచ్‌లతోనో ఏదో ఉంది. తర్వాత ఖాళీ రోడ్డులో 60, 70 మధ్య ఒకే రేస్‌తో నడపండి. స్పీడ్ బ్రేకర్ గీతల మీద పోతున్నట్టు సన్నని వణుకు వస్తే లాకప్ సరిగ్గా పట్టట్లేదని అర్థం. ఇది చాలాసార్లు ఆయిల్ మారిస్తే పోతుంది. గేరు జారడం మాత్రం ఆయిల్ మారిస్తే పోదు.

ఇక ఆయిల్ చూడటం. ఇప్పటి బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్ చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, ఉండదు. నేను 50 మి.లీ. సిరంజికి సెలైన్ గొట్టం తొడిగి, పక్కనున్న ఫిల్లింగ్ రంధ్రంలోంచి కొంచెం లాగుతాను. తెల్ల టిష్యూ కాగితం మీద రెండు చుక్కలు వేసి పావుగంట వదిలేస్తాను. మంచి ఆయిల్ గులాబి మరకలా సమానంగా పాకుతుంది. వాడిన ఆయిల్ గోధుమరంగుకు తిరుగుతుంది, అది మార్చాల్సిన ఆయిల్, భయపడాల్సింది కాదు. మధ్యలో నల్లటి చుక్క పాకకుండా గట్టిగా నిలబడిపోయి, వేలితో రుద్దితే ఇసుకలా తగిలి, మాడిన వాసన వస్తే అది క్లచ్ ప్లేట్ల పొడి. అప్పుడు ఆయిల్ మార్చి ప్రయాణం పెట్టుకోవద్దు. డబ్బా విప్పించండి, లేదంటే ఆ ఏడాది అద్దె బండి మాట్లాడుకోండి.

ఇంకో రంగు ఉంది. చుక్క చిక్కటి రోజ్‌మిల్క్‌లా కనపడితే రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లో కలిసినట్టు. కొన్ని బండ్లలో గేరు ఆయిల్ పైపు రేడియేటర్ లోపలి నుంచే పోతుంది, లోపల చిల్లు పడితే రెండూ కలుస్తాయి. ఒకసారి భాయ్ షెడ్డుకు అలాంటి బండి వచ్చింది. ఓనరు "జరంత ఆయిల్ మార్చి ఇయ్యి, రేపు పెండ్లికి పోవాలె" అంటున్నాడు. భాయ్ గ్లాసులో కొద్దిగా పట్టి ఆయన చేతికిచ్చి, "పెండ్లికి ఇది పట్కపోన్రి అన్నా, పిల్లలకు పోయచ్చు" అన్నాడు. నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది జిగురు ఊడిపోతుంది. ఆ బండి జాతరలకు కాదు, రిపేరుకు పోవాలి.

లక్షా యాభై వేలు తిరిగిన డబ్బాలో ఆయిల్ మారిస్తే జారడం మొదలవుతుందని చాలామంది అంటారు. నాకు అర్థమైంది వేరు. అప్పటికే ప్లేట్లు అరిగినవాళ్లు జారుడు మొదలయ్యాకే ఆయిల్ మార్పిస్తారు, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు అన్న మాట ఉంది చూశారా, అందులో జీవితం ఎవరిదో అడగాలి. ట్రెయిలర్ లాగే బండిని మాన్యువల్‌లో, అంటే బండితో వచ్చే పుస్తకంలో, కఠిన వాడకం కింద లెక్కేస్తారు, ఆ గడువు మామూలు గడువు కంటే చిన్నది.

ఆయిల్ దించడం, కొలవడం

ఆయిల్ కొనేటప్పుడు రంగు చూడకండి. చాలావరకు ఎర్రగానే ఉంటాయి. మాన్యువల్‌లో రాసిన గుర్తు అక్షరం పొల్లుపోకుండా డబ్బా మీద ఉండాలి. పల్చని ఆయిల్ కోసం చేసిన గేర్‌బాక్స్‌లో పాతకాలం చిక్కని ఆయిల్ పోస్తే గేర్లు మారే తీరే మారిపోతుంది. అన్ని బండ్లకూ ఒకటే అనే డబ్బా మా ఇంటికి రాదు.

బండిని చదును నేల మీద నాలుగు వైపులా ఒకే ఎత్తులో స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీ మీద లేపి కింద దూరడం ప్రాణాలతో ఆట. ముందు వైపే లేపితే లెవెల్ తప్పు చూపిస్తుంది, మాకు ఘాట్‌లో జరిగిందే షెడ్డులోనూ జరుగుతుంది.

డ్రెయిన్ బోల్టు ముట్టుకునే ముందు పైనున్న ఫిల్లింగ్ బోల్టు విప్పండి. అది తుప్పు పట్టి రాకపోతే, లేదా తల అరిగిపోతే, ఉన్న ఆయిల్ ఉన్నట్టే ఉంటుంది, బండి షెడ్డుదాకా నడుస్తుంది. కింద దించేశాక పైది రాకపోతే మీరు అక్కడే.

నేను రాత్రంతా ఆగిన బండిలోనే ఆయిల్ దించుతాను. వేడి మీద దించితే మురికి బాగా వస్తుందని భాయ్ అంటాడు, అదీ నిజమే. నా లెక్క వేరు. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. మూడు లీటర్ల ఆయిల్ 60 డిగ్రీలు చల్లబడితే 100 మి.లీ. పైనే తగ్గుతుంది. వేడిది తీసి, కొలిచి, డబ్బాలోని చల్లది అంతే పోస్తే ఎక్కువ పోసినట్టు. చల్లది తీసి చల్లది పోస్తే ఆ గొడవ లేదు. ఎక్కువైనా తప్పే: తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి.

కింద ఉన్నది మీ బండిని బట్టి ఉంటుంది. కొన్నిటిలో ఆయిల్ దించే బోల్టు వేరు, లెవెల్ చూసే బోల్టు వేరు. ఇంకొన్నిటిలో రెండూ ఒకటే రంధ్రం. బోల్టు తీస్తే కాసిని చుక్కలే పడతాయి, లోపల నిలువుగా చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, ఎలెన్ కీతో అది తీస్తే మిగతాది ధారగా వస్తుంది. ఆ గొట్టం మళ్లీ పెట్టడం మర్చిపోయారా, ఇక లెవెల్ అనేదే ఉండదు, పోసినదంతా కిందికే.

వచ్చిన ఆయిల్‌ను మెజరింగ్ జార్‌లో పట్టి రాసుకోండి. మాకు మొన్న 3,380 మి.లీ. వచ్చింది. నేల మీద ఒలికింది, గుడ్డకు అంటింది కలిపి 20 అనుకుని 3,400 రాశాను.

తర్వాత చాంబర్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి. చుట్టూ చిన్న బోల్టులు, పది నంబరు పానా పడుతుంది. ఒక మూలన రెండు వదిలి మిగతావి విప్పితే చాంబర్ వాలి మిగిలిన ఆయిల్ ఒకవైపు నుంచి మెల్లగా దిగుతుంది. అదీ కొలతలో కలపాలి. లోపల అడుగున అయస్కాంతాలుంటాయి. వాటి మీద కాటుకలా వేలికి అంటుకునే బూడిదరంగు పేస్టు ఉంటే ఫర్వాలేదు, ఉక్కు రాపిడికి వచ్చేదే. గోరుకు తగిలే ముక్కలు, పీచులాంటి తీగలు ఉంటే ఆగిపోండి. ఇత్తడి మెరుపు ఉన్నా ఆగండి, అది బుష్‌లది కావచ్చు, అయస్కాంతానికి అంటుకోకుండా చాంబర్ అడుగున మెరుస్తూ ఉంటుంది. అందుకే ఆయిల్ పారబోసేముందు ఎండలో పెట్టి చూడాలి.

తుడవడానికి షెడ్డుల్లో వాడే బనియన్ వేస్టు వద్దు. దాని పోగు ఒక్కటి వాల్వ్ బాడీలోకి, అంటే ఆయిల్‌ను దారులకు మళ్లించే భాగంలోకి, పోయినా వెంట్రుకంత సందులో చిక్కుకుంటుంది. నేను పాత పాలిస్టర్ చీర ముక్కలు వాడతాను. ఫిల్టర్ మారిస్తే దాని మెడ దగ్గరి పాత రబ్బరు రింగు పైనే అతుక్కుని మిగిలిపోయిందేమో వేలు పెట్టి చూడండి. రెండు రింగులైతే ఫిల్టర్ సరిగ్గా కూర్చోదు, పంపు గాలి పీలుస్తుంది. ప్యాకింగ్ కొత్తది వేయండి, పొడి ప్యాకింగ్ మీద పేస్టు పూయకండి. ఎక్కువైన పేస్టు లోపలికి పిండుకుని, ఊడి, నేరుగా ఫిల్టర్‌కు పోతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే, అంటే అక్కడ రాసినంత బలంతోనే, బిగించాలి. బలం చూపించే చోటు కాదు. అల్యూమినియంలో మర పోతే ఆ చిన్న బోల్టు రోజంతా తింటుంది.

ఎంత వచ్చిందో అంత పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద పీ, ఆర్, ఎన్ (న్యూట్రల్), డీ అన్నింట్లో ఐదేసి సెకన్లు ఆగి మళ్లీ పీకి రండి. ఇప్పుడు లెవెల్. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడి ఉన్నప్పుడు చూడాలో మాన్యువల్‌లో ఉంటుంది. నేను చూసిన బండ్లలో 35కూ 55కూ మధ్య ఎక్కడో ఉంది. ఆ అంకెను బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ ప్లగ్గు పెట్టి ఫోన్‌లో చూస్తాను. వేడి ఆ గడిలోకి రాగానే, ఇంజిన్ నడుస్తుండగానే, లెవెల్ బోల్టు విప్పాలి. దారంలా సన్నని ధార వచ్చి చుక్కలు చుక్కలుగా మారితే లెవెల్ సరిపోయింది, వెంటనే బోల్టు బిగించండి. ఏమీ రాకపోతే తక్కువుంది, పైనుంచి పోయండి. చుక్కలు పడే క్షణం కోసం కాచుకోవడం, పాలు పొంగే ముందు పొయ్యి దగ్గర నిలబడ్డట్టే. పక్కకు తిరిగితే పోయింది. సైలెన్సర్ పైపు చెయ్యి పక్కనే ఉంటుంది, జాగ్రత్త.

ఇక్కడితో అయిపోలేదు. చాంబర్ దించితే వచ్చేది మొత్తం ఆయిల్‌లో మూడో వంతు అటూ ఇటూ. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉంటుంది. ఇది నాకు బాగా తెలిసిన లెక్క, ల్యాబులో రోజూ చేసిన డైల్యూషనే. మూడో వంతు మారిస్తే పాతది మూడింట రెండు వంతులు. మళ్లీ మారిస్తే తొమ్మిదింట నాలుగు. మూడోసారికి 27లో 8, అంటే 30 శాతం. మూడుసార్లు చేశాక కూడా అంత పాతది ఉంటుంది, అయినా నాలుగోసారికి నేను పోను. మధ్యలో 50 కిలోమీటర్లయినా తిప్పుతాను, కలవాలి కదా. రెండోసారి, మూడోసారి చాంబర్ విప్పక్కర్లేదు, డ్రెయిన్ బోల్టు చాలు. మెషిన్ పెట్టి ఒకేసారి మొత్తం మార్చేవాళ్లున్నారు. కూలర్ పైపు నుంచి గేర్‌బాక్స్ సొంత పంపు వేగానికే మార్చేదైతే సరే. బయటి నుంచి ఒత్తిడి పెట్టి తోసేదైతే, లోపల పేరుకున్న మురికి ఎక్కడికి పోయి కూర్చుంటుందో ఎవరూ చెప్పలేరు.

పాత ఆయిల్‌ను మోరీలో పోయకండి. పాత డబ్బాల్లో పట్టి షెడ్డులో ఇస్తే వాళ్లు వాడిన ఆయిల్ కొనేవాళ్లకు అమ్ముకుంటారు.

చల్లబరిచే దారి

మేము ఏనుమాముల మార్కెట్ పక్క రోడ్డులోనే ఎక్కువ తిరుగుతాం. పత్తి సీజన్‌లో ఆ గాలిలో ఏముంటుందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దూది పరుపులా పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనపడుతుంది. మొదటిసారి బంపర్ విప్పి టార్చి వేసినప్పుడు నేను దిండు గలీబు అనుకున్నాను. కొత్త ఆయిల్ పోసి ఆ దూది అలాగే వదిలేస్తే ఏం లాభం? నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కొట్టాలి. ప్రెజర్ వాషర్ దగ్గరగా పెడితే సన్నని రేకులు వంగిపోయి గాలే పోదు.

ఘాట్ తర్వాత మేము విడిగా ఒక గేరు ఆయిల్ కూలర్ పెట్టించాం. కండెన్సర్ ముందు చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. ఆయిల్ ముందు కంపెనీ కూలర్ గుండా పోయి, తర్వాత దీంట్లోకి వచ్చి, మళ్లీ డబ్బాలోకి పోయేలా పైపులు వేస్తారు. పైపు గేరు ఆయిల్‌కూ ఆ వేడికీ పనికొచ్చేదే కావాలి. నీళ్ల పైపు వేస్తే నెలల్లో మెత్తబడి ఉబ్బుతుంది. మడత పడకూడదు, బంపర్ అంచుకు రాసుకోకూడదు. దీనికి కొంచెం ఆయిల్ అదనంగా పడుతుంది, లెవెల్ మళ్లీ చూడాలి. నా మాట అడిగితే, ట్రెయిలర్ బండికి ఒక్క ఖర్చే పెట్టగలనంటే, నేను ఖరీదైన ఆయిల్ కంటే ముందు కూలర్ పెట్టిస్తాను.

వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ ఆయిల్ అదే రోజు మార్చేయండి, లాగే బరువంతా దాని మీదే. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ది కూడా. రేడియేటర్ కూలెంట్, ట్రెయిలర్ బేరింగుల గ్రీసు, టైర్ల గాలి, ట్రెయిలర్ ఆర్‌సీ కాగితం మీకు తెలిసినవే.

బరువు మాత్రం కాంటా పెట్టించి చూడండి. మా ట్రెయిలర్ 800 దాకా ఉంటుందని మా ఆయన నమ్మకం. ధర్మకాంటా మీద 1,100 చూపించింది. నీళ్ల ట్యాంకు నింపి ఉంచడం వల్ల 200, రెండు బస్తాల బియ్యప్పిండి వల్ల 100. ఇప్పుడు ట్యాంకు ఖాళీగా పోతుంది, నీళ్లు అక్కడే పడతాం. ట్రెయిలర్ ముక్కు బండి మీద మోపే బరువు మొత్తంలో పదో వంతుకు అటూ ఇటూ ఉండేలా పెనాలను ముందుకూ వెనక్కూ జరుపుతాం. ముక్కు మరీ తేలికైతే వేగంలో ట్రెయిలర్ తోకాడిస్తుంది. మీ బండి లాగగల బరువు, ట్రెయిలర్ తగిలించే హిచ్ మోయగల బరువు మాన్యువల్‌లో, హిచ్ రేకు మీద చూసుకోండి. వాటి కంటే ఎక్కువైతే ఈ సర్వీసంతా దండగ.

కట్టి చూడటం, ఎక్కి దిగడం

మూడో ఆయిల్ పోశాక 200 కిలోమీటర్లు ఖాళీ బండి తిప్పి, తర్వాత ట్రెయిలర్ కట్టి హనుమకొండ నుంచి ములుగు దాకా పోయి వస్తాం. వచ్చాక కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచుతాను. పొద్దున దాని మీద ఎర్ర చుక్క కనపడితే చాంబర్‌దా, కూలర్ పైపుదా చూస్తాను.

ఓబీడీ ప్లగ్గు ప్రయాణమంతా ఉంచండి. మా బండి గేరు ఆయిల్ వేడి ఖాళీగా 80, 85 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. ట్రెయిలర్‌తో చదును రోడ్డులో 90 దాటుతుంది, ఎత్తులో 100 పైకి పోతుంది. 110 చూస్తే మా ఆయన ఏసీ ఆపి వేగం తగ్గిస్తాడు. 120కి వస్తే ఆగిపోవడమే. ఆగాక వెంటనే ఇంజిన్ ఆపకూడదు. పీలో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, 1,200 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలు ఉంచండి. కన్వర్టర్ మీద బరువు ఉండదు, పంపు మాత్రం ఆయిల్‌ను కూలర్‌లోకి తోస్తూనే ఉంటుంది. అంకె దిగడం ఫోన్‌లో కనపడుతుంది.

ఎత్తు మొదలవక ముందే మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించండి. డీలో వదిలేస్తే నాలుగుకూ మూడుకూ మధ్య ఊగుతూనే ఉంటుంది, ఊగిన ప్రతిసారీ లాకప్ విడిపోయి వేడి పెరుగుతుంది. ఇంజిన్ కొంచెం అరిచినా ఒకే గేరులో సాఫీగా ఎక్కడమే డబ్బాకు సుఖం. ఎత్తులో లారీ వెనక ఆగితే బ్రేకు మీద నిలబడండి, రేస్‌తో బండిని పట్టి ఉంచకండి. దిగేటప్పుడూ అదే చిన్న గేరు, బ్రేకులు మిగులుతాయి.

మేడారం రోడ్డు వేరే పరీక్ష. అక్కడ ఎత్తుల కంటే జామే ఎక్కువ సతాయిస్తుంది. పస్రా దాటాక గంటకు రెండు కిలోమీటర్లు పాకుతుంటే ముందు గాలి ఉండదు, లాకప్ పడదు. అక్కడ మేము వెంట వెంటనే పాకం. ముందు కొంచెం జాగా వదిలి, ఎన్‌లో ఆగి, జాగా పెరిగాక ఒకేసారి జరుగుతాం. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనీ.

ఇంకొకటి. ఇంత చేసినా బండి ఆగిపోతే, చక్రాలు రోడ్డు మీద తిరిగేలా లాక్కుపోనివ్వకండి. ఘాట్‌లో ఆ రోజు వచ్చిన రికవరీ అతను ముందు చక్రాలు ఎత్తి, వెనక చక్రాల మీద లాగుతానన్నాడు. భాయ్‌కు ఫోన్ చేశాను. "వద్దక్కా, ఇంజిన్ బంద్ ఉంటే పంపు తిరగది. ఆయిల్ లేకుంట గేర్లు తిరుగుతయి. మిగిలిందన్న మిగలనీ" అన్నాడు. నాలుగు చక్రాలూ పైన ఉండే ప్లాట్‌ఫాం లారీ వచ్చేదాకా నాలుగు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం. చలికి వణుకుతూ పొయ్యి వెలిగిస్తే లారీ డ్రైవర్లు ఆగి సర్వపిండి అడిగారు. ఆ సీజన్‌లో నాగోబా దారిలో మాకు జరిగిన బేరం అంతే.

2026లో రెండు జాతరలూ పది రోజుల తేడాతో వచ్చాయి. జనవరి 18న పుష్య అమావాస్యకు నాగోబా, 28 నుంచి మేడారం. మధ్యలో ఆయిల్ మార్చే తీరిక లేదు, కానీ సిరంజితో 20 మి.లీ. లాగి చూశాను. వంటింటి అలమారలో పై అరలో మూతలున్న చిన్న సీసాలు వరుసగా ఉంటాయి, ఒక్కోదాని మీద తేదీ, మీటర్ అంకె, ఆ ట్రిప్పులో చూసిన గరిష్ఠ వేడి రాసి ఉంటాయి. మొదటి సీసా 2023ది, ఘాట్ తర్వాత డబ్బా విప్పినప్పుడు పట్టింది, కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంది. చివరిది మేడారం నుంచి వచ్చిన మర్నాడు పట్టాను. దాని మీద 104 డిగ్రీలు అని ఉంది. రంగు ఇంకా గులాబీయే.